ఒకటి ఎక్కువ

ఆ ఇంటి తలుపు ఒక్కసారి కొట్టి ఊరుకునేవాళ్ళు లేరు. పాలు పోసే మనిషి రెండుసార్లు కొడతాడు. పక్కింటివాళ్ళు మూడుసార్లు కొడతారు. కొత్తగా ఎవరైనా వస్తే గేటు దగ్గరే చెబుతారు: "ఒక్కసారి కొట్టకండి. లోపల ఆయనున్నాడు." ఎందుకని అడిగితే, "ఆయనకు పడదు" అంటారు. అంతకుమించి చెప్పరు.

ఆయనకు యాభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. రేవు పక్కన, ఇనుప ట్యాంకులు బాగుచేసే యార్డులో పని. ట్యాంకు లోపలికి మనిషి వెళ్ళినప్పుడు మూతి దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవాలి. లోపలి మనిషి బతికి ఉన్నాడా లేదా అని ఐదు నిమిషాలకోసారి కనుక్కోవాలి. అదే ఉద్యోగం. చూసేవాళ్ళకు అది కూర్చుని జీతం తీసుకోవడంలా ఉంటుంది. యార్డులో ఆయన పేరు చెవులాయన.

కనుక్కోవడమంటే కేకెయ్యడం కాదు. ఇనుప గోడల మధ్య ఒక కేక నాలుగు కేకలవుతుంది. గాలి పంకా మోతలో ఆ నాలుగూ కలిసిపోతాయి. వాకీటాకీ ఆ గోడలు దాటి పనిచేయదు. ట్యాంకు లోపల అడ్డగోడలుంటాయి, టార్చి వేసినా మొదటి గది దాటి కనబడదు. అందుకని సుత్తి. బయటివాడు గోడ మీద కొడతాడు, లోపలివాడు తిరిగి కొడతాడు. వెనకటి పద్ధతి ఇలా ఉండేది: బయటినుంచి రెండు దెబ్బలు. ఉన్నావా? లోపలినుంచి ఒక దెబ్బ. ఉన్నా.

ఏడేళ్ళ కిందట ఆ పద్ధతి నడుస్తుండగానే ఆయన అన్న చనిపోయాడు.

అన్న ట్యాంకులు కడిగే మేస్త్రీ. ఆ మధ్యాహ్నం లోపలికి వెళ్ళాడు. మూతి దగ్గర కూర్చున్నది తమ్ముడే. ఐదు నిమిషాలకు రెండు కొట్టాడు, ఒకటి వచ్చింది. మళ్ళీ ఐదు నిమిషాలకు రెండు, ఒకటి. అలా నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లు జవాబు వచ్చింది. ఐదోసారి రాలేదు. మనుషులు వెళ్ళి బయటికి తెచ్చారు. లోపలికి వెళ్ళిన ఐదారు నిమిషాలకే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు రాశాడు.

విచారణ చేసినవాళ్ళూ రాశారు. మబ్బు పట్టి ఎండ తగ్గింది. ఎండ తగ్గితే ఇనుము చల్లబడుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, ముడుచుకుంటే టక్కుమంటుంది. కాపలా మనిషి తప్పేమీ లేదు. ఆ కాగితం ఆయన రేకు పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాడు.

నెల తర్వాత పనిలోకి వచ్చినప్పుడు, ఆయన కొత్త పద్ధతి పెడితేనే స్టూలు మీద కూర్చుంటానన్నాడు. బయటివాడు ఒకటి నుంచి నాలుగు దాకా తనకు తోచినన్ని కొడతాడు. లోపలివాడు దానికి ఒకటి కలిపి కొట్టాలి. రెండు కొడితే మూడు. నాలుగు కొడితే ఐదు.

"ఎందుకయ్యా ఈ కూడికలు?" అన్నాడు ఫోర్‌మన్.

"ఇనుముకు లెక్కలు రావు" అన్నాడు ఆయన.

జవాబు రాకపోతే ఏం చెయ్యాలన్న దగ్గర ఇద్దరూ వారం రోజులు వాదించుకున్నారు. సైరన్ మోగితే యార్డు మొత్తం పని ఆపెయ్యాలి. లోపలివాడి చేతిలో పని ఉండొచ్చు, సుత్తి జారిపోయి ఉండొచ్చు. చివరికి ఒప్పందం కుదిరింది. జవాబు రాకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ అడగాలి, ఇంకో నిమిషం ఆగి మూడోసారి అడగాలి, అప్పుడు సైరన్. లెక్క తప్పు వస్తే మాత్రం ఆగేది లేదు. అప్పటికప్పుడే సైరన్.

పనివాళ్ళు దీని మీద జోకులు వేసుకున్నారు. "పెళ్ళాం ఒకటంటే రెండనే మొగుడెవడైనా ఉంటే చెప్పండ్రా, ట్యాంకులోకి వాణ్ణే పంపుదాం, ట్రైనింగు అక్కర్లేదు" అన్నాడు ఒక వెల్డరు. ఆయన కూడా నవ్వాడు. ఆ పద్ధతి పెట్టాక ఆ యార్డులో ట్యాంకులో ఎవరూ పోలేదు.

కానీ ఒంటి దెబ్బ ఆయన్ని వదల్లేదు. కుళాయి గొట్టం టక్కుమంటే చేతిలో గరిటె ఆగిపోయేది. వదిన కంచం గట్టు మీద పెడితే తల తిప్పేవాడు. బస్సులో పక్కవాడు ఉంగరం వేలితో కమ్మీ మీద ఒకసారి కొడితే తర్వాతి స్టాపులో దిగిపోయి నడిచి వచ్చేవాడు. ప్రతిదీ అదే మాట అనేది. ఉన్నా. చచ్చిపోయినవాడు ఉన్నానన్నాడు, నేను నమ్మాను. నమ్మి ఇరవై నిమిషాలు స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఈ మాట బయటికి ఎవరితోనూ అనలేదు.

అన్న ఉన్నప్పుడూ పోయాకా ఆయన ఉన్నది ఆ ఇంట్లోనే, ముందు గదిలో. ఇంట్లో వదిన, అన్న కూతురు, ఆయన. ఆ ఇంటికి ఒక అలవాటుంది. వదిన పుట్టింటినుంచి తెచ్చింది. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు, ముద్ద నోట్లో పెట్టకముందు, ఒక్కొక్కరూ ఆ రోజు జరిగింది ఒకటి చెప్పాలి. చెప్పగానే మిగతావాళ్ళు "దయ తరగలేదు" అనాలి. దేవుడికి దండం అంతటితో అయిపోతుంది. జరిగింది మంచిదే కానక్కర్లేదు. "బస్సు తప్పిపోయింది, నడిచొచ్చాను" అన్నా సరే, దయ తరగలేదు. "ఫోర్‌మన్‌కు గొంతు పోయింది, సైగలు చేస్తున్నాడు" అని అన్న ఒకరోజు చెబితే, వదిన నవ్వు ఆపుకుని అనాల్సొచ్చింది.

అన్నను మట్టిలో పెట్టి వచ్చిన రాత్రి కూడా వదిన కంచాలు పెట్టింది. ఎవరికీ ఆకలి లేదు. "ఇరవై మూడేళ్ళు కాపురం చేశాం" అంది. కూతురు ఏడుస్తూనే "దయ తరగలేదు" అంది. ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఏడేళ్ళూ అంతే. ఆయన వంతు వస్తే ఏదో ఒకటి చెబుతాడు, వాళ్ళిద్దరూ అంటారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఆయన పెదాలు కదుపుతాడు. వదిన ఆ పెదాలకేసి చూడదు. అడగదు. ఒకసారి మాత్రం అన్నం వడ్డిస్తూ, "గొంతు లేనివాళ్ళ మాట కూడా దేవుడికి వినబడుతుందిలే" అంది, గిన్నెతో చెబుతున్నట్టు.

అన్న కూతురికి ఇప్పుడు ఇరవై ఆరు. చదువుకుని ఇనుప రేకుల మందం కొలిచే పని నేర్చుకుంది. గేజి రేకు మీద ఆనిస్తే రేకు ఎంత అరిగిందో చూపిస్తుంది. ట్యాంకు లోపలికి వెళ్ళి గజం గజం కొలిచి రాసుకోవాలి. ఆ యార్డులోనే ఉద్యోగం వచ్చింది.

"లోకంలో ఇన్ని ఉద్యోగాలుండగా నీకు ఆ కంతలే దొరికాయా?" అన్నాడు ఆయన.

"నువ్వు మాత్రం ఆ కంత వదిలావా బాబాయ్?"

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. "ఆ పిల్ల లోపలికి వెళితే మూతి దగ్గర నేనే ఉంటాను. ఇంకొకణ్ణి కూర్చోబెట్టావా, ఇద్దరం ఇంటికి పోతాం."

రెండేళ్ళు అలాగే జరిగింది.

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బుగానే ఉంది. ట్యాంకు మూడు గదులది. పొద్దున వెల్డర్లు మూడో గదిలో పనిచేసి భోజనానికి బయటికి వచ్చారు. ఒంటిగంటకు అన్న కూతురు వచ్చింది. ఆయన గాలి మంచిదో కాదో చూపే మీటరు మూతిలోంచి లోపలికి దించి చూశాడు. అంకె సరిగ్గా ఉంది. కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆమె నడుముకు సంచి కట్టుకుంది. అందులో గేజి, సుత్తి, తన మీటరు.

"బాబాయ్, ఇవాళ నాలుగు కొట్టకు. ఐదు తిరిగి కొట్టేసరికి నా లెక్క మర్చిపోతున్నాను."

"మర్చిపోతే మళ్ళీ కొలువు. తిన్నది అరుగుతుంది."

"మనిషివి కాదు, గడియారానివి" అని, ఆమె మూతిలోంచి వంగి లోపలికి వెళ్ళింది. ఒంటిగంట పది.

పదిహేనుకు ఆయన మూడు కొట్టాడు. నాలుగు వచ్చాయి. ఇరవైకి ఒకటి కొట్టాడు. ఒకటి కొట్టడం ఆయనకు కష్టం, కానీ పూర్తిగా మానేస్తే లోపలివాళ్ళు అలవాటు పడిపోతారు. రెండు వచ్చాయి. ఇరవై అయిదుకు నాలుగు కొట్టాడు. కాసేపాగి ఐదు వచ్చాయి, చివరిది గట్టిగా. తిట్టినట్టుంది. ఆయన నవ్వుకున్నాడు.

ముప్పైకి రెండు కొట్టాడు.

ఒకటి వచ్చింది.

చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. ఆ దెబ్బ ఆయనకు తెలుసు. ఆ దూరం తెలుసు, ఆ బరువు తెలుసు. ఏడేళ్ళుగా కుళాయిలోనూ కంచంలోనూ విన్నది అదే. ఆయన రెండో దెబ్బ కోసం ఆగలేదు, మూడో దెబ్బ కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి సైరన్ మీట కిందికి లాగాడు.

మూతి దగ్గరివాడు లోపలికి వెళ్ళకూడదు. అది ఆ పనిలో మొదటి రూలు. వెళ్ళినవాళ్ళలో సగం మంది లోపలివాళ్ళ పక్కనే పడిపోయి ఉంటారు. గాలి సిలిండర్లు వీపుకు కట్టుకున్నవాళ్ళు రావాలి. షెడ్డు నుంచి రావడానికి నాలుగు నిమిషాలు. ఈ రూలు కొత్తవాళ్ళకు చెప్పేది ఆయనే. ఇప్పుడు ఆయన మోకాలు మూతి అంచు మీద ఉంది, తల లోపల ఉంది. మొదటి గదిలో ఏమీ లేదు. రెండో గదికి వెళ్ళే కంతలో చీకటి ఉంది.

ఆయన తల బయటికి తీశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో సుత్తి ఉంది. చెయ్యడానికి ఇంకేమీ లేదు కాబట్టి కొట్టాడు. రెండు.

ఒకటి వచ్చింది.

సైరన్ మోతలో కూడా వినబడింది. గోడకు ఆనించిన అరచేతికి తెలిసింది. ఒక నిమిషం అయింది. రెండు కొట్టాడు. ఒకటి. వెల్డర్లు పరిగెత్తుకొస్తున్నారు, ఎవరో ఆయన భుజం పట్టుకున్నారు, "ఏమైంది, లెక్క తప్పా? పెద్దాయనా, లెక్క తప్పా?" అంటున్నారు. ఆయన వాళ్ళకేసి చూడలేదు. నువ్వెవరివైనా సరే, అనుకున్నాడు. వెళ్ళిపోకు. పిల్ల దగ్గరే ఉండు. రెండు కొట్టాడు. ఒకటి.

అది మూడోది. సైరన్‌కు ముందుదీ కలిపితే నాలుగు. నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లు వచ్చింది. నాలుగు తర్వాత ఏమొస్తుందో ఆయనకు తెలుసు. సుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐదోసారి చెయ్యి లేవలేదు.

అప్పుడు సిలిండర్లవాళ్ళు వచ్చి ఆయన్ని పక్కకు తోసి లోపలికి దూరారు.

ఆమెను మూడో గదిలోంచి తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. యార్డు కాంపౌండరు నేల మీదే పడుకోబెట్టి ముఖానికి ఆక్సిజన్ పెట్టాడు. ఒకసారి, రెండుసార్లు ఛాతీ లేవలేదు. మూడోసారి లేచింది. దగ్గింది.

సంగతి ఏమిటన్నది సాయంత్రానికి తెలిసింది. వెల్డర్లు భోజనానికి వెళుతూ గ్యాసు గొట్టం మూడో గదిలోనే వదిలేశారు. దాని మీట పూర్తిగా తిప్పలేదు. ఆ గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు, గాలికంటే బరువు. నేలనుంచి నీళ్ళలా నిండుతుంది. మూతి దగ్గర చూసిన అంకెకు అది తెలియదు. ఆమె మీటరుకు తెలిసి ఉండేది. కానీ నేల రేకులు కొలవడానికి వంగితే సంచి కడుపులో గుచ్చుకుంటోందని, విప్పి నిచ్చెన పైమెట్టుకు తగిలించింది. ఐదు కొట్టాక చేసిన పని అది. మీటరు అందులోనే ఉంది. సుత్తీ అందులోనే ఉంది.

ఆసుపత్రి వరండాలో వదిన బెంచీ మీద కూర్చుంది. ఆయన నిలబడ్డాడు. డాక్టరు బయటికి వచ్చి, గండం గడిచిందన్నాడు. "రెండు నిమిషాలు ముందు తెచ్చారు. ఇంకో రెండు నిమిషాలైతే నేనిలా మాట్లాడేవాణ్ణి కాదు."

రెండు నిమిషాలంటే ఏమిటో ఆయనకు తెలుసు. జవాబు రాకపోతే ఆగాల్సినవి అవే. లోపలినుంచి ఏమీ రాకపోయి ఉంటే ఆయన రూలు ప్రకారం ఆగేవాడు. ఒక నిమిషం, ఇంకో నిమిషం.

ఫోర్‌మన్ ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "సుత్తి నిచ్చెన మీదుంది. పిల్ల గోడకు రెండు బారల దూరంలో పడి ఉంది. మరి కొట్టిందెవరు?"

"నాకేం తెలుసు?"

"ఏదో గొట్టం అయ్యుంటుందిలే. ఇనుము చల్లబడితే..."

"పొద్దుటినుంచీ మబ్బే కదా" అన్నాడు ఆయన. "వేడెక్కిందెప్పుడు, చల్లబడిందెప్పుడు?"

ఫోర్‌మన్ తల గోక్కున్నాడు. "రిపోర్టులో గొట్టమనే రాస్తాను. నువ్వు కాదనకు."

ఫోర్‌మన్ వెళ్ళిపోయాక వదిన పక్కన చోటు చూపించింది. ఆయన కూర్చున్నాడు.

"ఎన్నొచ్చాయి?" అంది.

"ఒకటి."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఒక నర్సు ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది.

"ఏమయ్యా, మీ అన్న పోయిన రోజు నువ్వు లోపలికి ఏమని అడిగావు?"

"ఏముంది వదినా. ఉన్నావా అని."

"ఏమొచ్చింది?"

"ఉన్నా అని."

"ఎవరని అడిగావా?"

ఆయన ఆమెకేసి చూశాడు.

"అబద్ధం నమ్మానని ఏడేళ్ళనుంచీ నీకు నోరు పెగల్లేదు. నాకు తెలియదనుకున్నావా? నా సంగతి విను. మనిషి ఆ చీకట్లో ఒక్కడే పడి పోయాడే అని ఏడేళ్ళనుంచీ నాకు నిద్ర లేదు. ఉన్నానన్నది ఆయన కాదని డాక్టరే రాశాడు కదా. అయితే ఆయన దగ్గర ఇంకెవరో ఉన్నట్టే."

"ఇనుము వదినా అది. కాగితంలో రాశారు."

"ఇనుమైతే ఇనుమే కానీ. ఇనుముతో చెప్పించకూడదని దేవుడికి మీ ఫోర్‌మన్ రూలేమైనా పెట్టాడా?"

"మరి ఉన్నవాడు అన్నను బయటికి తేలేదే" అన్నాడు ఆయన. ఆ చావు గురించి ఏడేళ్ళలో ఆయన పైకి అన్న మాట అదొక్కటే.

"తేలేదు" అంది వదిన. "అది నేనూ అడుగుతూనే ఉన్నాను. జవాబు రాలేదు. అడగడం మానలేదు, అన్నం ముందు ఆ మాటా మానలేదు. రెండూ చేస్తున్నాను. నాకు చేతనైంది అంతే."

తర్వాత ఆమె ఏడ్చింది. ఆయన బెంచీ మీద చేతులు ఆనించుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజు అన్న కూతురు ఇంటికి వచ్చింది. నడిస్తే ఆయాసం వస్తోంది. రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వదిన వడ్డించి కూర్చుని, "పిల్ల కంచం దగ్గరుంది" అంది. కూతురు "దయ తరగలేదు" అంది. ఆయన పెదాలు కదిలాయి.

కూతురి వంతు వచ్చింది. "నాకు ఒకటి గుర్తుంది. ఇంతవరకూ చెప్పలేదు. చెబితే బాబాయ్ భయపడతాడని" అంది.

"చెప్పు" అన్నాడు ఆయన.

"ఐదు కొట్టాక సంచి విప్పి వంగాను. కాళ్ళు తేలిపోయాయి. పడ్డట్టు తెలుసు. తర్వాత పడుకునే నీ దెబ్బలు విన్నాను. రెండు. మూడు కొట్టాలి అనుకున్నాను. చెయ్యి కదల్లేదు. అప్పుడు నా పక్కనుంచి ఒకటి వినబడింది. తప్పు కొట్టారే అనుకున్నాను. బాబాయ్ లెక్క తెలియని వాళ్ళెవరో, అనుకున్నాను. భయం వెయ్యలేదు. అదీ నేను చెప్పేది. భయం వెయ్యలేదు."

అనాల్సింది అనకుండా ఆ ఇంట్లో అంతసేపు ఎప్పుడూ గడవలేదు. వదిన కూతురికేసి చూసింది, తర్వాత కంచంకేసి చూసింది.

"దయ" అన్నాడు ఆయన. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "దయ తరగలేదు."

వదిన కళ్ళు తుడుచుకోలేదు. అన్నం మీద మూత సర్దింది.

వంటగదిలో గొట్టం టక్కుమంది. ఒక్కసారి.

కూతురు ఆయనకేసి చూసింది. వదిన చేతిలో మూత ఆగింది. ఆయన లేవలేదు, తల తిప్పలేదు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. పాత లెక్కలో అది ప్రశ్న. కొత్త లెక్కలో అది జవాబు. ఏది అనుకుని కొట్టాడో ఆయన చెప్పలేదు.

ముగ్గురూ విన్నారు. గొట్టం నుంచి ఇంకేమీ రాలేదు.

"తిను బాబాయ్" అంది అన్న కూతురు. "చల్లారిపోతోంది."